కేసెట్ వీపు మీద రెండు ముక్కలు

(గ్రంథాలయ వారోత్సవాల్లో భాగంగా విజయవాడలోని ఒక శాఖా గ్రంథాలయంలో చేసిన ప్రసంగం. రికార్డు చేసినదాన్ని విని రాసుకున్నాం. రెండుసార్లు చెప్పిన మాటలు మాత్రం ఒకసారే ఉంచాం.)

అందరికీ నమస్కారం. ముందుగా ఒక మాట. ఈ మైకులోంచి గుంయ్‌మని ఒక మోత వస్తోంది, విన్నారా? ఎర్తింగ్ సరిగ్గా లేదు. ఇందాక చెప్పాను, కుర్రాళ్లు వైరు మార్చి చూశారు, పోలేదు. నలభై ఏళ్లు ఆ మోత మధ్యే బతికినవాణ్ని కాబట్టి నాకేం ఇబ్బంది లేదు. మీరే కాస్త ఓర్చుకోవాలి.

లైబ్రేరియన్ మేడమ్ గారు పదిహేను రోజుల కిందట మా షాపుకొచ్చి, "వారోత్సవాల్లో ఒకరోజు కాపీరైటు, పైరసీ మీద పెడుతున్నామండీ, మీరు మాట్లాడాలి" అన్నారు. "లాయర్లని పిలవండమ్మా, నేనేం మాట్లాడతాను" అన్నాను. "లాయరు గారైతే చట్టం చెబుతారు, మీరైతే అనుభవం చెబుతారు" అన్నారావిడ. (నవ్వులు) నన్ను పొగిడారో పట్టిచ్చారో ఇప్పటికీ తెలియదు.

దాచుకోవడానికేం లేదు. ఈ ఊళ్లో నేను కాపీలు చేసి పెళ్లి చేసుకున్నాను, కాపీలు చేసి ఇద్దరు పిల్లల్ని చదివించాను.

1984లో గవర్నర్‌పేటలో, ఒక టైలరు కొట్టు పక్క సందులో, రికార్డింగ్ సెంటర్ పెట్టాను. మంచం వేస్తే మనిషి పట్టనంత గది. రెండు డెక్కులు, అంటే కేసెట్ ఆడించే, రికార్డు చేసే మిషన్లు, ఒక రికార్డు ప్లేయరు, గోడ పొడవునా ఎల్పీ రికార్డులు. కుర్రాళ్లకి తెలియదు కాబట్టి చెబుతున్నాను. కస్టమరు నోటుబుక్కు కాయితం మీద పాటల జాబితా రాసుకుని వచ్చేవాడు. కేసెట్ వాళ్లు తెచ్చుకున్నా సరే, నా దగ్గర కొన్నా సరే. సిక్స్‌టీ అంటే ఒక్కో వైపు అరగంట, నైంటీ అంటే ముప్పావు గంట. నైంటీలో టేపు పల్చగా ఉంటుంది. మే నెల బెజవాడ ఎండలో కారు అద్దం దగ్గర వదిలేశారంటే సాగిపోయి, ఘంటసాల గారి గొంతు కూడా నీరసంగా వచ్చేది. అందుకని సిక్స్‌టీయే తీసుకోమనేవాణ్ని.

జాబితా చూస్తే మనిషి తెలిసిపోయేవాడు. ఒకబ్బాయి కేసెట్ ఒక వైపు నిండా ఒకే పాటని ఆరుసార్లు రికార్డు చేయమన్నాడు. ఎందుకని నేనడగలేదు. నాలుగు నెలల తర్వాత అదే కేసెట్ తెచ్చి, దాని మీద అయ్యప్ప పాటలు ఎక్కించమన్నాడు. అప్పుడూ అడగలేదు. (నవ్వులు)

ఆ రోజుల్లో కాపీకి టైము పట్టేది. గంట కేసెట్ కాపీ చేయాలంటే గంట కూర్చోవాలి. వేగంగా కాపీ తీసే స్పీడ్ డబ్బింగ్ డెక్కులు తర్వాత వచ్చాయి గానీ వాటిలో తాళాలూ గజ్జెలూ చచ్చిపోయేవి, నాకు నచ్చేది కాదు. పైగా టేపు గుణం ఒకటుంది. రికార్డు నుంచి తీసిన కాపీ బాగుంటుంది. కాపీకి కాపీ తీస్తే వెనక ఉస్సుమనే మోత కాస్త పెరుగుతుంది. దానికీ కాపీ తీస్తే పాట దుప్పటి కప్పుకున్నట్టుంటుంది. నాలుగో చేతికి వచ్చేసరికి పాట కంటే మోతే ఎక్కువ. అంటే కాపీ కొట్టేవాడికి టేపే ఒక హద్దు గీసి పెట్టింది. పోలీసుల అవసరం లేకుండానే.

ఇంకో సంగతి. కేసెట్ వీపు మీద, రెండు చివర్లా, రెండు చిన్న ప్లాస్టిక్ ముక్కలుంటాయి. పెద్దవాళ్లకి గుర్తుండే ఉంటుంది. వాటిని స్క్రూడ్రైవర్‌తో విరగ్గొడితే ఆ కేసెట్ మీద ఇక రికార్డింగ్ పడదు. డెక్కు లోపల ఒక చిన్న పుల్ల ఉంటుంది. ముక్క విరిగిన కన్నంలోకి ఆ పుల్ల దిగిందంటే రికార్డు బటన్ నొక్కుకోదు. ఇంట్లో పిల్లలు తెలియక నొక్కినా పాట చెరిగిపోదు. మళ్లీ రికార్డు చేసుకోవాలనుకుంటే ఆ కన్నం మీద ప్లాస్టరు ముక్క అంటించాలి, లేదా సిగరెట్ పెట్టె అట్ట మడిచి దూర్చాలి. అంతే. మన అయ్యప్ప పాటల అబ్బాయి కేసెట్‌కి కూడా నేనే అట్ట దూర్చాను. తాళం వేసేదీ మనమే, తీసేదీ మనమే. ఫిలిప్స్ కంపెనీ ఈ కేసెట్‌ని 1963లో తెచ్చింది. ఆ ముక్కలు పెట్టాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో గానీ, కొన్న మనిషి మీద నమ్మకం ఉన్న బుర్ర అది. దీని దగ్గరికి మళ్లీ వస్తాను.

ఇప్పుడు నాకు ఇబ్బందైన సంగతి చెప్పాలి. చెప్పకుండా వెళ్లిపోదామనుకున్నాను గానీ, లైబ్రరీలో నిలబడి సగం చెప్పడం బాగోదు.

తెనాలి వైపు ఒక బుర్రకథ పెద్దాయన ఉండేవాడు. పేరు చెప్పను. తంబూర పట్టుకుని అడుగేశాడంటే పందిరి ఊగేది. ఆయన కథల్లో ఒకదాన్ని రెండు కేసెట్ల జతగా ఒక కంపెనీ విడుదల చేసింది. ఒకేసారి కొంత డబ్బు చేతిలో పెట్టి సంతకం తీసుకుంది. కేసెట్లు బాగా పోయాయి. తర్వాత కంపెనీ నుంచి సరుకు రావడం ఆగిపోయింది, అడిగేవాళ్లు మాత్రం ఆగలేదు. సంక్రాంతి ముందు పల్లెల నుంచి సామాన్లకి వచ్చినవాళ్లు ఆ కథ ఉందా అని నా కొట్టుకి వచ్చేవాళ్లు. నేను కాపీలు తీసి అమ్మాను. మా ఆవిడ చేత్తో పేర్లు రాసేది. మొత్తం రెండు వందల జతల పైనే అమ్మి ఉంటాను.

ఒక మధ్యాహ్నం పంచె కట్టుకుని, భుజాన సంచితో ఒక మనిషి వచ్చి ఆ కథ అడిగాడు. ఇచ్చాను. పెట్టి వినిపించమన్నాడు. డెక్కులో పెట్టాను. ఆయన కౌంటర్ మీద చెయ్యి పెట్టుకుని రెండు నిమిషాలు విని, "నా గొంతుకి జలుబు చేయించావేం నాయనా?" అన్నాడు.

(కాసేపు నిశ్శబ్దం)

నాకు కాళ్ల కింద నేల లేదు. టీ తెప్పించాను. తాగాడు. ఎన్ని అమ్మావని అడిగాడు. "పదో పదిహేనో ఉంటాయండీ" అన్నాను. నా వెనక అరలో వరసగా నిలబెట్టిన కేసెట్లు ఆయనకి కనపడుతూనే ఉన్నాయి. "కంపెనీ వాళ్లూ ఇదే లెక్క చెప్పారు" అన్నాడు. కోపంగా అనలేదు, అదే నాకు బాధ. వంద రూపాయలు తీసి ఇవ్వబోతే పుచ్చుకోలేదు. రెండు జతలు కట్టించుకుని, ధర అడిగి, డబ్బు బల్ల మీద పెట్టి వెళ్లాడు. తన గొంతుకి తనే డబ్బు కట్టాడు. నేను ఆ డబ్బు తీసుకున్నాను కూడా. అప్పుడు వెనక్కి పిలవొచ్చు కదా అని ఇప్పుడనిపిస్తుంది. అప్పుడు అనిపించలేదు.

చాలా ఏళ్లకి ఆయన మనవడు నన్ను వెతుక్కుంటూ వచ్చాడు. తాత లేడు. ఆ కంపెనీ మూతపడింది, అసలు టేపులు ఏమయ్యాయో చెప్పే మనిషి లేడు. నా అటక మీద ఒక జత ఉంది. దాన్ని శుభ్రం చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇచ్చాను. ఈ కథ చెప్పి, చూశారా, నేను కళని కాపాడాను అని చెప్పుకోవచ్చు. మా బావమరిది అలాగే చెబుతుంటాడు. కానీ నేను దాచలేదండీ. అమ్ముడుపోక మిగిలింది. (నవ్వులు)

పాట రాసినవాళ్లకి, బాణీ కట్టినవాళ్లకి రావాల్సిన రాయల్టీని కంపెనీలు ఒకే సంతకంతో రాయించేసుకోకుండా 2012లో చట్టం మార్చారు. మంచిదే. అది రావాల్సిన టైముకి రాలేదు, అంతే.

సరే, ముందుకెళ్దాం. 1990ల చివర్లో కంప్యూటరు, సీడీ రైటరు కొన్నాను. అప్పు చేసి కొన్నాను. సీడీలో ఉండేది పాట కాదు, అంకెలు. శబ్దాన్ని సెకనుకి 44,100 సార్లు కొలిచి రాసిన అంకెలు. నిమిషం పాటకి దాదాపు పది ఎంబీ. దాన్నే ఎంపీత్రీ చేస్తే నిమిషానికి ఒక ఎంబీకి వస్తుంది. చెవికి పెద్దగా తెలియని శబ్దాల్ని తీసేస్తుందన్నమాట. 700 ఎంబీ డిస్కులో, అయిదు నిమిషాల పాటలైతే, 140 పాటలు. అంతకుముందు పదీ పన్నెండు కేసెట్లు నింపడానికి నాకు పట్టే పని, కాఫీ తాగి వచ్చేలోపు అయిపోయేది. ఇంకో ముఖ్యమైన సంగతి, అంకెల కాపీకి జలుబు చేయదు. వెయ్యో కాపీ కూడా మొదటిదానిలాగే ఉంటుంది. టేపు గీసిన హద్దు అక్కడితో పోయింది.

హద్దు పోయాక బజారు ఏమవుతుందో మీకు తెలుసు. సినిమా శుక్రవారం వస్తే శనివారానికి బస్టాండు దగ్గర డిస్కు. నేను అమ్మలేదని అనను. ఎనిమిది నెలలు అమ్మాను. ధర్మం గుర్తొచ్చి మానలేదు, మా వరసలో ఒకాయన్ని పోలీసులు తీసుకెళ్తే భయమేసి మానేశాను. తమాషా ఏంటంటే గాంధీనగర్లో సినిమా డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల్లో పనిచేసే గుమాస్తాలు నా దగ్గరే ఎంపీత్రీ డిస్కులు చేయించుకునేవాళ్లు. పైరసీ వల్ల ఎంత నష్టమో నాకు వాళ్లే వివరంగా చెప్పేవాళ్లు, డిస్కు రైటయ్యేలోపు. (నవ్వులు)

దీని మీద నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. కొత్త సినిమాని మొదటి వారంలో దొంగిలించేవాణ్ని నేను సమర్థించను. లైట్‌బాయ్ రోజు బత్తా దగ్గర్నుంచి అన్నీ ఆ వసూళ్లలోంచే రావాలి. ఇప్పుడు 2023లో సినిమాటోగ్రాఫ్ చట్టాన్ని సవరించి, హాల్లో ఫోనెత్తి సినిమా రికార్డు చేస్తే మూడు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు పెట్టారు. జరిమానా మూడు లక్షల నుంచి మొదలు, సినిమా తీయడానికైన ఖర్చులో అయిదు శాతం దాకా. పెద్ద సినిమా అయితే ఆ అయిదు శాతం మన జీవితాలకి సరిపోతుంది.

కానీ కాపీ అనగానే పరిశ్రమ మునిగిపోతుందన్న గోల మాత్రం నేను పూర్తిగా నమ్మను. అమెరికాలో వీసీఆర్, అంటే టీవీలో వచ్చేదాన్ని వీడియో కేసెట్ మీద రికార్డు చేసే మిషన్, వచ్చినప్పుడు అక్కడి సినిమా నిర్మాతల తరఫు పెద్దమనిషి జాక్ వాలెంటి, 1982లో వాళ్ల పార్లమెంటు ముందు, ఒంటరిగా ఇంట్లో ఉన్న ఆడమనిషికి గొంతు నులిమే హంతకుడు ఎలాంటివాడో మాకు ఈ యంత్రం అలాంటిది అన్నాడు. 1984లో అక్కడి సుప్రీంకోర్టు, తొమ్మిదిమందిలో అయిదుగురి మాటతో, ఇంట్లో చూసుకోవడానికి టీవీలో వచ్చేదాన్ని రికార్డు చేసుకోవడం తప్పు కాదంది. ఒక్క ఓటు తేడా. తర్వాత కొన్నేళ్లకే వీడియో కేసెట్ల మీద వచ్చే డబ్బు హాళ్ల వసూళ్లని దాటింది. హంతకుడన్నవాడే అన్నం పెట్టాడు.

మన చట్టం గురించి రెండు మాటలు. రెండే. 1957 నాటి కాపీరైటు చట్టం. రచయిత పోయిన ఏడాది తర్వాత ఇంకో అరవై ఏళ్లు ఆ హక్కు వారసులకి ఉంటుంది. సినిమాలకి, పాటల రికార్డులకి విడుదలైన దగ్గర్నుంచి అరవై ఏళ్లు. మన గుంటూరులో కన్నుమూసిన జాషువా గారిని తీసుకోండి. 1971లో పోయారు. 2031 ఆఖరుదాకా హక్కులుంటాయి, 2032 జనవరి ఒకటిన ఆయన పద్యాలు జనం సొత్తు. విశ్వనాథ సత్యనారాయణ గారు 1976, అంటే 2037 దాకా ఆగాలి. ఆ రోజుకి నేనుంటే అచ్చు వేయిస్తాను.

జిరాక్సు మాటేమిటని మొన్న ఒక కాలేజీ పిల్ల అడిగింది. ఢిల్లీ యూనివర్సిటీలో ఒక జిరాక్సు కొట్టు మీద పెద్ద పెద్ద విదేశీ ప్రచురణ సంస్థలు మూడు కలిసి కేసు వేశాయి, విద్యార్థులకి పాఠాలు జిరాక్సు తీసి కట్టలు కట్టి ఇస్తున్నాడని. 2016 సెప్టెంబరులో ఢిల్లీ హైకోర్టు కొట్టు వైపే తీర్పిచ్చింది. చదువు చెప్పడంలో భాగంగా తీసే కాపీ తప్పు కాదని చట్టంలోనే ఉందని గుర్తుచేసింది. ఆ తీర్పు వచ్చిన రోజు నాకు ఎవరో ఫోన్ చేసి చెబితే, నాకే ఏదో సర్టిఫికెట్ వచ్చినట్టు స్వీటు తెచ్చుకున్నాను. నాకు దానితో ఏ సంబంధమూ లేదు. నేను చదువు చెప్పడానికి ఒక్క కాపీ కూడా తీయలేదు. (నవ్వులు)

ఇప్పుడు ఆ రెండు ప్లాస్టిక్ ముక్కల దగ్గరికి వద్దాం.

2016 సెప్టెంబరులోనే జియో వచ్చింది. అప్పటిదాకా మా షాపు మెమరీ కార్డుల్లో పాటలు ఎక్కించడం మీద నడిచేది. రెండు జీబీ కార్డు, ముప్పై రూపాయలు, పాటలు నా ఇష్టం. ఏడాది తిరిగేలోపు ఆ పని పూర్తిగా పోయింది. జనం దగ్గర పాట ఉండాల్సిన అవసరమే లేకుండా పోయింది, వేలు పెడితే వస్తుంది. నాకు కోపం లేదు. మా ఇంట్లోనూ అదే. నెలకి డబ్బు కడతాం, వింటాం. బుర్రకథ పెద్దాయన్ని తలుచుకుంటే ఇదే మర్యాదైన పద్ధతేమో అనిపిస్తుంది కూడా. ఆయనలాంటివాళ్లకి నిజంగా ఎంత ముడుతోందన్నది వేరే సంగతి.

కానీ ఒకటి గమనించారా? ఓటీటీలో సినిమా డౌన్‌లోడ్ చేసుకుంటారు. కొన్నాళ్లు పోయాక దానంతటదే గడువు తీరిపోతుంది. స్క్రీన్‌షాట్ తీద్దామంటే నల్లగా పడుతుంది. నిన్నటిదాకా ఉన్న పాట ఇవాళ బూడిద రంగులో కనపడుతుంది, నొక్కితే మోగదు. ఎందుకంటే ఎవరో ఎవరితోనో చేసుకున్న ఒప్పందం అయిపోయింది. తాళం ఉంది. కేసెట్‌కీ ఉంది. అప్పుడు స్క్రూడ్రైవర్ మన చేతిలో ఉండేది.

పోనీ నెల చందా కాబట్టి అంతే అనుకుందాం. కొన్నవాటి సంగతేంటి? 2009 జులైలో అమెరికాలో అమెజాన్ వాళ్లు, జనం డబ్బిచ్చి, పుస్తకాలు చదువుకునే పరికరం కిండిల్‌లో కొనుక్కున్న పుస్తకాన్ని, వాళ్ల పరికరాల్లోంచి వాళ్లకి చెప్పకుండా తీసేశారు. అమ్మినవాడికి ఆ పుస్తకం మీద హక్కు లేదని తెలిసి తీసేశారు. డబ్బు వెనక్కిచ్చారు, తర్వాత క్షమాపణా చెప్పారు. ఆ పుస్తకం ఏదో తెలుసా? జార్జ్ ఆర్వెల్ రాసిన 1984. సర్కారు పాత పత్రికల్ని గుట్టుగా మార్చి రాయించి, అసలువి కాల్చేస్తూ ఉండే దేశం కథ. (నవ్వులు) నేను కల్పించి చెబితే మీరు నమ్మేవాళ్లు కాదు.

లెనిన్ సెంటర్లో పాత పుస్తకాల కొట్లు మీకందరికీ తెలుసు. మీరు కొన్న పుస్తకం చదివేసి అక్కడ సగం ధరకి ఇచ్చేయొచ్చు. ఈ లైబ్రరీకి ఇచ్చేయొచ్చు, వందమంది చదువుతారు. దాన్ని దొంగతనం అని ఎవరూ అనలేదు. 1914లో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది ఈ బెజవాడలోనే. పాతూరి నాగభూషణం గారు కాలవల మీద పడవల్లో పుస్తకాలు తిప్పించారు. అదే మీ ఫోన్లో కొన్న పుస్తకాన్ని ఏ పడవలో పెడతారు? అమ్మడానికి లేదు, ఇవ్వడానికి లేదు, పోతే పిల్లలకి రాసివ్వడానికి లేదు. బటన్ మీద మాత్రం 'కొను' అని ఉంటుంది. కాలిఫోర్నియాలో 2025 నుంచి, ఇది కొనడం కాదు, వాడుకోవడానికి అనుమతి మాత్రమే అని ముందే చెప్పాలని చట్టం పెట్టారు. మన దగ్గర మిఠాయి కొట్లో కూడా గ్రాము తేడా వస్తే గొడవ పెట్టుకుంటాం, దీని గురించి ఎవరూ అడగరు.

(సభలోంచి ఒక యువకుడు: "సార్, మరి ఇప్పుడు డౌన్‌లోడ్ చేసుకోమంటారా, మానమంటారా?")

నన్ను ఇరికించకు తమ్ముడూ. (నవ్వులు) నువ్వు డబ్బిచ్చి తాళం లేకుండా కొనగలిగినది ఉంటే, డబ్బిచ్చి కొనుక్కో. యాపిల్ వాళ్లు పాటలకున్న తాళాలు 2009లోనే తీసేశారు, పాటల వ్యాపారం ఏమీ కూలిపోలేదు. నీకు దొరికే చోటు ఎక్కడా లేక, హక్కుదారే పట్టించుకోక, చెదలు తింటున్నది ఉంటే... అది లాయరు గారిని అడుగు. ఆయన మొదటి వరసలోనే ఉన్నారు. నేను చెబితే బాగుండదు.

అసలు నన్ను కలవరపెట్టేది వేరే ఉంది. కాపీలు ఇప్పుడున్నన్ని ఎప్పుడూ లేవు. పొద్దున్నే ఒక ఫోటో వాట్సాప్‌లో బయల్దేరితే సాయంత్రానికి ఎన్ని వేల ఫోన్లలో ఉంటుందో. అందులో దాచుకునేవాళ్లెవరు? మెమరీ ఫుల్ అనగానే తుడిచేయడమే. మా కాలంలో ముప్పై రూపాయలు పెట్టి కాపీ చేయించుకున్నవాడు పెట్టె అడుగున పదేళ్లు దాచుకునేవాడు.

2024 సెప్టెంబరు ఒకటిన బుడమేరు వాగు పొంగి ఊళ్లోకి వచ్చింది. సింగ్‌నగర్ వైపు వాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు, మీకు నేను చెప్పాలా? కొన్ని చోట్ల వారం పైన నీళ్లు నిలబడ్డాయి. నీళ్లు తీసిన తర్వాత మా షాపు ముందు క్యూ. సర్టిఫికెట్ల ఫైళ్లు, పెళ్లి ఆల్బమ్‌లు, హార్డ్ డిస్కులు, ఫోన్లు. బురద వాసన రెండు నెలలు పోలేదు.

ఇది కాస్త చెప్పనివ్వండి, పనికొస్తుంది. సీడీ, డీవీడీ బురదలో మునిగినా భయం లేదు. మంచినీళ్లతో కడిగి, మెత్తటి బట్టతో మధ్యనుంచి అంచుకి తుడిస్తే చాలావరకు ఆడతాయి. గుండ్రంగా తుడవకూడదు. హార్డ్ డిస్కు తడిస్తే అసలు కరెంటు ఇవ్వకూడదు, పని చేస్తుందో లేదో చూద్దామని కూడా. ఆ ఒక్క చూడ్డంతోనే పోతుంది. ఫోన్ అయితే, లోపల ఉన్నదంతా ఇప్పుడు గుప్త లిపిలో ఉంటుంది. బోర్డు చచ్చిపోతే చిప్పు పీకి చదువుదామన్నా చదవలేం. పాత చైనా ఫోన్ నీళ్లలో పడితే కార్డు తీసి ఆరబెట్టి ఇచ్చేవాణ్ని. ఇప్పుడు చేతులు జోడించడమే.

ఒక జంట వచ్చారు. 2019లో పెళ్లి. వీడియో ఉన్న హార్డ్ డిస్కు బీరువా అడుగు అరలో తడిసింది. తడి ఆరకముందే కంప్యూటర్‌కి పెట్టి చూశారు, అయిపోయింది. వీడియో తీసినతన్ని అడిగితే, ఏడాది దాటినవి తన దగ్గర ఉండవన్నాడు. అదృష్టం కొద్దీ యూట్యూబ్‌లో పెట్టారట. తీసి చూస్తే సగం చోట్ల సౌండు లేదు. వెనక సినిమా పాటలు కలిపారు కదా, కాపీరైటు పట్టుకుంది. చట్టం ప్రకారం పెళ్లి ఊరేగింపులో, పెళ్లి వేడుకలో పాట వేసుకోవచ్చు, అనుమతి అక్కర్లేదు. ఆ యంత్రానికి పెళ్లంటే ఏం తెలుసు? జీలకర్ర బెల్లం దగ్గర్నుంచి తలంబ్రాల దాకా అందరూ మూగసైగలే.

వాళ్ల వెనకాలే ఇంకొకావిడ వచ్చింది. 1991లో పెళ్లి, వీహెచ్ఎస్ కేసెట్ బురదకి బూజు పట్టి రీలు అతుక్కుపోయింది. ఏమీ చేయలేనమ్మా అన్నాను. ఇంకెవరికైనా కాపీ ఇచ్చారా అని అడిగాను. ఆలోచించి, గుంటూరు బ్రాడీపేటలో మేనమామ ఇంట్లో ఒకటి ఉండాలంది. నాలుగు రోజుల్లో తెచ్చింది. కాపీకి కాపీ. రంగులు కారిపోయి, మనుషులంతా పసుపు నీళ్లలో తేలుతున్నట్టున్నారు. కానీ ఆడింది. వాళ్ల మామగారు కుర్చీలో కూర్చుని ఎవరినో వడ్డనకి కేకేస్తున్నాడు, ఆ కేక వినపడింది. ఆవిడ ఆ ముక్క మూడుసార్లు వెనక్కి తిప్పించింది.

మనవాళ్లకి ఇది కొత్తేం కాదు. నన్నయ గారు స్వయంగా పట్టుకున్న తాటాకు ఎవరి దగ్గరుంది? ఎవరి దగ్గరా లేదు. మన చేతికొచ్చిన భారతం వెయ్యేళ్ల పొడుగున కాపీకి కాపీకి కాపీ. రాసినాయన చివర్లో, చూసినది చూసినట్టు రాశాను, తప్పొప్పులకి నన్ను తిట్టకండని ఒక శ్లోకం పెట్టేవాడు. 'యాదృశం పుస్తకం దృష్ట్వా' అని. ఇంకో శ్లోకంలో, నడుము విరిగింది, మెడ పట్టేసింది, చూపు బిగుసుకుపోయింది, ఇంత కష్టపడి రాశాను, జాగ్రత్తగా చూసుకోండి అంటాడు. నా కొట్లో కూర్చున్నప్పుడు నా నడుము గురించీ ఇలాగే రాసుకోవాలనిపించేది. బ్రౌన్ దొర జీతాలిచ్చి రాయసగాళ్లని పెట్టుకుని కాపీలు రాయించాడు. అటు చూడండి, మన దేశపు మొదటి టాకీ ఆలం ఆరా, 1931. ఒక్క ప్రింటు మిగల్లేదు. పాత సినిమా రీళ్లని వెండి తీసుకోవడానికి కరిగించేసేవాళ్లు. ఒక పల్లెటూరి దొంగైనా దానికో కాపీ తీసి ఉంటే...

సరే, టైము అయిపోయిందని మేడమ్ గడియారం చూపిస్తున్నారు. ఒక్క నిమిషం.

మా నాన్న టేపురికార్డర్‌ని రేడియో పక్కన పెట్టి విజయవాడ కేంద్రం ఆదివారం నాటకాలు రికార్డు చేసేవాడు. మధ్యాహ్నం మూడింటికి నాటకం మొదలైందంటే ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. ఒక నాటకంలో మాత్రం, హీరోయిన్ ఏడుస్తున్న చోట, మా అమ్మ "ఒరేయ్, కాఫీపొడి అయిపోయింది, కొట్టుకెళ్లి రా" అనడం పడింది. నాన్న ఆ కేసెట్ వీపు మీది రెండు ముక్కలూ కోపంగా విరగ్గొట్టి పక్కన పడేశాడు, పాడైపోయిందని. మళ్లీ దాని మీద రికార్డు చేసి ఉంటే అది చెరిగిపోయేది. ఆ నాటకం పేరు కూడా నాకు గుర్తులేదు.

వచ్చే ఆదివారం పది గంటలకి నా డెక్కు ఇక్కడికి తెస్తున్నాను. మేడమ్ ఒప్పుకున్నారు. మీ ఇళ్లలో పాత కేసెట్లుంటే పట్టుకురండి, కంప్యూటర్‌లోకి ఎక్కించి ఇస్తాను. సినిమా పాటలు వద్దు, అవి అందరి దగ్గరా ఉన్నాయి. ఇంట్లోవాళ్ల గొంతు పడ్డవి తేండి. బూజు కనపడితే దాన్ని వేరే సంచిలో కట్టండి, మిగతావాటికి అంటుకుంటుంది. ఇంటి దగ్గర తిప్పి చూడకండి, రీలు తెగుతుంది. డబ్బేం అక్కర్లేదు, పెన్‌డ్రైవ్ మాత్రం ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. తమ్ముడూ, ఈలోపు ఆ ఎర్తింగ్ సంగతి కాస్త చూడు.